తెనాలి ఇంట్లో ఇండక్షన్ పొయ్యి: ఆరు నెలల డైరీ

డిసెంబరు 17, 2024

ధనుర్మాసం మొదలై రెండో రోజు. అమ్మ తెల్లవారకముందే తిరుప్పావై వినడానికి వైకుంఠపురం గుడికి వెళ్ళింది. నాన్న కాఫీ పెట్టుకుందామని పాలు పొయ్యి మీద పెట్టాడు. ఈలోగా గేటు దగ్గర పేపరు పడిన చప్పుడైంది. పేపరు తీసుకుని, నిలబడ్డ చోటే మొదటి పేజీ చదివేశాడు. ఇక్కడ పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. ఆయనకు ఏళ్ళనాటి సైనస్. వాసన అనేది ఆయన వరకు ఎప్పుడో రిటైరైపోయింది. నేను మేడ దిగి వచ్చేసరికి వంటిల్లంతా గుప్పుమంటోంది. లైటు వెయ్యకుండా చీకట్లోనే తడుముకుంటూ రెగ్యులేటరు కట్టేసి కిటికీలు తీశాను.

అమ్మ వచ్చాక జరిగింది చెప్పాం. "ఇంక మీరు వంటింట్లోకి అడుగు పెట్టకండి" అని తీర్పు ఇచ్చేసింది. నాన్నకు 74. కాఫీ ఐదింటికి పడాలి, అమ్మ వచ్చేది ఏడింటికి. ఇంకో నెల ఇదే వరస. ఈ ప్రాజెక్టు అలా మొదలైంది. కరెంటు ఆదా, పర్యావరణం లాంటి పెద్ద ఆలోచనలేవీ లేవు. మంట లేకుండా నాన్న కాఫీ కాచుకోవాలి, అంతే.

డిసెంబరు 22

పొయ్యి కొన్నాను. 2000 వాట్లది, 2,600 రూపాయలు. గిన్నె తీసేస్తే కాసేపు కూతపెట్టి దానంతటదే ఆగిపోతుంది. నాకు కావలసింది అదొక్కటే.

ఇంటికి తెచ్చాక అసలు పరీక్ష. ఇండక్షన్ పొయ్యి లోపల రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో కరెంటు ప్రవహిస్తే దాని చుట్టూ వేగంగా మారే అయస్కాంత క్షేత్రం పుడుతుంది, దానివల్ల గిన్నె అడుగే వేడెక్కుతుంది. అందుకని అయస్కాంతం అతుక్కునే గిన్నె అయితేనే పని. ఫ్రిజ్ మీద బొమ్మలా ఉండే అయస్కాంతం ఒకటి తీసి, వంటింట్లో ఉన్న ప్రతి గిన్నెకీ ఆనించి చూశాను. సత్తు తపేలాలు, ఐదు లీటర్ల సత్తు కుక్కరు, ఇత్తడి బిందె: ఇవి అతుక్కోవని ముందే తెలుసు. దోసెల ఇనప పెనం గట్టిగా పట్టేసింది.

దెబ్బ తిన్నది స్టీలు దగ్గర. అమ్మ పెళ్ళికి పెట్టిన స్టీలు సామాను, పేర్లు చెక్కించినది, మంచి స్టీలని అమ్మకు మహా గర్వం. ఒక్కదానికి కూడా అయస్కాంతం అతకలేదు. ఆ రోజుల్లో స్టీలు సామాను కొనేటప్పుడు చేసే పరీక్షే అది: అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు, అంటుకుంటే నాసిరకం. అమ్మమ్మ కొట్టువాడి ముందే అయస్కాంతం పెట్టి చూసి మరీ ఏరుకొచ్చిందట. నలభై ఏళ్ళ తరవాత కొడుకు అదే అయస్కాంతం పట్టుకొచ్చి, మంచివన్నీ పనికిరావంటున్నాడు. అమ్మ నవ్వలేదు.

"ముప్పై గిన్నెలుంటే నాలుగు పనికొచ్చాయా? ఇదేం పొయ్యిరా."

మందపాటి అడుగున్న గిన్నెలు మూడు కొన్నాను. 1,900 అయింది. పొయ్యి ధర చూసి కొనేవాళ్ళు గిన్నెల ఖర్చు కూడా పక్కన రాసుకోవాలి.

డిసెంబరు 24

నా తప్పు ఒకటి రాసుకోవాలి.

మా ఇల్లు 1994లో కట్టింది. వంటింట్లో మిక్సీ కోసం పెట్టిన 5 ఆంప్స్ ప్లగ్గు ఒక్కటే ఉంది. పొయ్యి వైరుకేమో లావు పిన్నులు. బజార్లో 60 రూపాయలకు కన్వర్టర్ పిన్ను దొరికింది, తెచ్చి తగిలించాను. 2000 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 8.7 ఆంప్స్ వస్తుంది. ఈ లెక్క నాకు రాదా అంటే, వచ్చు. "ఒక్కరోజే కదా" అనుకున్నాను. రెండో తపేలా నీళ్ళు కాగుతుండగా కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. ప్లగ్గు బోర్డు ముట్టుకుంటే చుర్రుమంది. కన్వర్టర్ ఒక పక్క గోధుమ రంగుకు తిరిగింది.

ఇంతకుముందు గ్యాసు వాసనైతే ఇప్పుడు ప్లాస్టిక్ వాసన. అమ్మ ఏమీ అనలేదు. పొయ్యిని తీసి, పెట్టెలో పెట్టి, పెట్టెని అటక కింద పెట్టింది. ఆ మౌనం కంటే తిట్టినా బాగుండేది.

డిసెంబరు 29

ఎలక్ట్రీషియన్ వచ్చాడు, నాన్న దగ్గర చదువుకున్నవాడే. మెయిన్ బోర్డు నుంచి వంటింటికి విడిగా రెండున్నర చదరపు ఎంఎం రాగి వైరు లాగి, పవర్ ప్లగ్గు పెట్టి, దానికి వేరే ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే ఆగిపోయే స్విచ్చి) బిగించాడు. అన్నీ అయ్యాక ఎర్తు చూస్తే లేదు. ముప్పై ఏళ్ళ కిందట పెరట్లో గొయ్యి తీసి ఎర్తింగు వేశారు. దాని మీద నీళ్ళు పోయాలన్న సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. పైన తులసికోట కూడా కట్టేశారు.

"మాస్టారూ, ఇన్నేళ్ళూ ఫ్రిజ్జి, గీజరు ఎర్తు లేకుండానే నడుస్తున్నాయండీ" అన్నాడు. అమ్మ వెంటనే అందుకుంది: ఫ్రిజ్జి తలుపు పట్టుకుంటే అప్పుడప్పుడు జిల్లుమంటోందని నాలుగేళ్ళుగా చెబుతుంటే చలి గాలికి అట్టా ఉంటుందని కొట్టిపారేశారట. కొట్టిపారేసింది నేనే.

కొత్త ఎర్తు గొయ్యికి విడిగా పెట్టుకున్నాం. వంటింటి లైనుకు, ప్లగ్గుకు, కూలీకి కలిపి 1,800. ఇప్పటికి మొత్తం 6,300. కాఫీ ఇంకా ఒక్కటీ కాయలేదు.

జనవరి 5, 2025

ఆదివారం కొలతలు. ప్లగ్గుకీ పొయ్యికీ మధ్య పెట్టే చిన్న యూనిట్ల మీటరు ఒకటి, బస్సులో సామాను తూచుకునే వేలాడే త్రాసు ఒకటి ఉన్నాయి. ఆ త్రాసుకు గ్యాసు బండని వేలాడదీసి, ముందూ వెనకా తూచాను. బండ ఖాళీ బరువు దాని మెడ దగ్గర ముద్ర వేసే ఉంటుంది, లోపల నిండుగా ఉంటే 14.2 కిలోలు.

గ్యాసు మీద పది లీటర్ల నీళ్ళు, ఐదేసి లీటర్ల చొప్పున రెండుసార్లు, మూతపెట్టి మరిగిస్తే బండ 120 గ్రాములు తగ్గింది. ఇండక్షన్ మీద అదే పది లీటర్లకు సరిగ్గా ఒక యూనిట్. త్రాసు పది గ్రాముల మెట్లలో చూపిస్తుంది కాబట్టి ఇది కంసాలి తూకం కాదు. అయినా మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఆ దగ్గర్లోనే వచ్చింది.

అంటే ఒక బండ మా వంటింట్లో సుమారు 118 యూనిట్ల కరెంటుకు సమానం. బండ చేతికి వచ్చేసరికి 850 పడుతోంది. కరెంటు యూనిట్ 7 రూపాయల 20 పైసల కంటే తక్కువైతే ఇండక్షన్ చవక, ఎక్కువైతే గ్యాసు చవక.

ఇక మన రాష్ట్రంలో నెల వాడకాన్ని బట్టి యూనిట్ రేటు పెరిగే శ్లాబులు చూస్తే 76 నుంచి 125 యూనిట్ల దాకా 4.50, అక్కడి నుంచి 225 దాకా 6 రూపాయలు, 225 దాటగానే 8.75. కొత్తగా కలిసే యూనిట్లన్నీ మన బిల్లులో చివరి శ్లాబులోనే పడతాయి. చాలామంది బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి "మాకు నాలుగున్నర పడుతోంది" అనుకుంటారు, ఇక్కడ ఆ సగటుతో పని లేదు. చలికాలంలో మాకు 140 యూనిట్లు దాటవు, కనుక ఆరు రూపాయల లెక్క. ఇండక్షన్ గెలిచింది. బిల్లులో అదనంగా వేసే సర్దుబాటు ఛార్జీలు కలిపితే గెలుపు ఇంకాస్త చిక్కిపోతుంది.

జనవరి 12

రేపు భోగి. అరిసెల పాకం ఇండక్షన్ మీద పట్టి చూద్దామని నేనే ఉత్సాహపడ్డాను. అమ్మ అరకిలో బెల్లంతో ఒప్పుకుంది, "పోతే నీ జేబులోంచి పోయిందనుకుంటా" అని ముందే చెప్పి.

పోయింది. కారణం మీటరులో కనిపించింది. పొయ్యి మీద 300 అని పెడితే అది 300 వాట్లతో నిలకడగా కాగదు. కొన్ని సెకన్లు వెయ్యి దాకా లాగి, ఆగి, మళ్ళీ లాగుతుంది. సగటున 300. నీళ్ళకు, రసానికి పట్టింపు లేదు. పాకానికి మాత్రం ఆ ఆగి ఆగి కొట్టే వేడి పడదు. ఉండపాకం కోసం నీళ్ళలో వేసి చూసేలోపు ముదిరిపోయింది. మిగతా అరిసెలు, జంతికలు, అన్నీ గ్యాసు మీదే. నేను పీట మీద కూర్చుని నువ్వులు అద్దాను.

అమ్మ అసలు ఇబ్బంది వేరే. "మంట కనపడకపోతే ఎంత పెట్టానో నాకెట్టా తెలుస్తుందిరా?" నలభై ఏళ్ళుగా ఆమె చేతిలో ఉన్న కొలత మంట ఎత్తు. గిన్నె కింద నీలం రేకులు ఎంత బయటికి వచ్చాయో ఓరకంట చూసి, కూరలు తరుగుతూనే నాబ్ తిప్పేస్తుంది. ఇక్కడ చూస్తే అద్దం మీద అంకె, వేలితో నొక్కే బొమ్మలు, వాటి కింద ఇంగ్లీషు. తడి చేత్తో నొక్కితే పలకదు. పాలు పొంగి అద్దం మీద పడితే కూత పెట్టి ఆగిపోతుంది.

ఫిబ్రవరి 2

ఇంగ్లీషు బొమ్మల మీద తెలుగులో రాసి అతికించాను: పాలు, కూర, ఇడ్లీ. రెండు రోజుల్లో అమ్మ అన్నీ ఊడగొట్టి మూడింటి మీదే గోళ్ళరంగు చుక్కలు పెట్టింది: వెయ్యడానికి ఎర్రచుక్క, పెంచడానికి, తగ్గించడానికి గులాబీవి. ఇడ్లీ బటన్ ఎందుకు తీసేశావంటే, "ఇడ్లీ ఎప్పుడు ఉడికిందో దానికేం తెలుసు?" అంది. కంపెనీవాళ్ళు ఎనిమిది బటన్లు ఇస్తే మా ఇంట్లో బతికి బట్టకట్టినవి ఇవే.

నాన్న మాత్రం రోజూ వాడుతున్నాడు. ధనుర్మాసం అయిపోయినా ఐదింటి కాఫీ ఆయనదే. అమ్మకు కూడా ఒక గ్లాసు కాస్తున్నాడు. పెళ్ళయి నలభై ఆరేళ్ళలో అమ్మ మంచం మీద కూర్చుని కాఫీ అందుకోవడం నేను ఎరగను. అది చూసి ఆమెకు సంతోషమో, వంటిల్లు చేజారుతోందన్న అనుమానమో చెప్పలేను. "చిక్కగా లేదు" అంటుంది. గ్లాసు మాత్రం ఖాళీ చేస్తుంది.

ఒక్క గొడవ ఉంది. నాన్న కాఫీ దించగానే గోడ స్విచ్చి కట్టేస్తాడు. వంట అయ్యాక లోపలి ఫ్యాను ఒకటి రెండు నిమిషాలు తిరిగి వేడిని బయటికి పంపాలి, దాన్ని ఆపేస్తే లోపలి సామాను త్వరగా పాడవుతుంది. చెబితే, "కరెంటు దండగ" అంటాడు. ఆ ఫ్యాను తినే కరెంటుతో బిల్లు పైసా కూడా కదలదని మీటరు పెట్టి చూపించాను. మాస్టారికి నిరూపణ కావాలి. అప్పటి నుంచి ఫ్యాను ఆగేదాకా స్విచ్చి దగ్గర నిలబడి చూస్తున్నాడు.

ఫిబ్రవరి 16

మా ఇంటికి గ్యాసు వచ్చింది నా చిన్నప్పుడు, ఎనభైల చివర్లో. నాయనమ్మ రెండేళ్ళు ఆ అన్నం ముట్టలేదు. గ్యాసు మీద వండింది తింటే కడుపులో గ్యాసు పడుతుందని ఆమె నమ్మకం. పెరట్లో కట్టెల పొయ్యి మీద తన ఎసరు తనే పెట్టుకునేది. తరవాత గ్యాసు అన్నానికి అలవాటు పడింది గాని, స్నానానికి నీళ్ళు మాత్రం చివరి దాకా కట్టెల పొయ్యి మీదే. మధ్యలో కిరసనాయిలు స్టవ్ కూడా ఉండేది, బండ అయిపోయిన రోజుల కోసం. మూడు పొయ్యిలూ ఒకే ఇంట్లో, ఒక్కోదానికి ఒక్కో పని.

రేపల్లె వైపు మా పిన్నికి దీపం పథకంలో కనెక్షన్ వచ్చింది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సంఘాల వాళ్ళ కోసం తెచ్చిన పథకం అది. పిన్ని ఆ స్టవ్ మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉంచేది. చుట్టాలొస్తే గుడ్డ తీసి టీ కాచేది. వంట మాత్రం కట్టెల మీదే, ఎందుకంటే కట్టెలకు డబ్బు పెట్టక్కర్లేదు, బండ నింపించడానికి కావాలి. అప్పట్లో మేం నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు నా త్రాసు లెక్క చూస్తుంటే, పిన్ని వేసుకున్న లెక్కే నేనూ వేస్తున్నానని అర్థమవుతోంది. ఆమెకు త్రాసు కూడా అక్కర్లేకపోయింది.

మార్చి 9

ఎదురింటి అక్క మా పొయ్యి చూసి వెళ్ళింది. వాళ్ళకు రైస్ కార్డు (తెల్ల రేషన్ కార్డు) ఉంది. నిరుడు దీపావళి నుంచి ప్రభుత్వం దీపం-2 కింద ఏడాదికి మూడు బండలు ఉచితంగా ఇస్తోంది. ముందు డబ్బు కడితే తరవాత ఖాతాలో పడుతుంది. అక్క ఒక్క మాటలో తేల్చేసింది: "మూడు బండలు ఊరికే వస్తుంటే, కరెంటు బిల్లు పెంచుకోనా తమ్ముడూ?"

వాళ్ళకు ఏడాదికి ఐదు బండలు చాలు. అంటే సగం పైగా వంటకు ఇంధనం ఖర్చు సున్నా. ఏ ఇండక్షన్ పొయ్యీ దాంతో పోటీ పడలేదు. మాకు నాన్న పెన్షన్ వల్ల ఆ కార్డు లేదు, అందుకే మా లెక్క వేరు. వీధికి అటూ ఇటూ ఉన్న రెండిళ్ళకే ఒక యంత్రం విలువ ఇంత మారిపోతుంటే, "ఇండక్షన్ మంచిదా, గ్యాసు మంచిదా" అని ఎవరైనా అడిగితే ముందు రైస్ కార్డు ఉందా, నెలకు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయి అని ఎదురు అడుగుతున్నాను.

వాళ్ళ మామగారికి పేస్‌మేకర్ ఉంది. ఆయన చూడ్డానికి వంగబోతే రెండడుగులు వెనక నిలబెట్టాం. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు పనిచేస్తున్న ఇండక్షన్ పొయ్యికి ఆ మాత్రం దూరం పాటించాలి.

ఏప్రిల్ 13

రెండు సంగతులు మారాయి. ఈ వారంలోనే బండ ధర 50 పెరిగింది, ఇప్పుడు చేతికి 900. ఆ లెక్కన ఇండక్షన్ చవకయ్యే యూనిట్ ధర హద్దు 7.20 నుంచి 7.63కి జరిగింది. ఇండక్షన్‌కు మేలు జరగాలి. కానీ ఏసీ వేయడం మొదలుపెట్టాం, బిల్లు 225 దాటేసింది. కొత్త యూనిట్లన్నీ 8.75లో పడుతున్నాయి. గ్యాసు గెలిచింది.

పొయ్యి రోజుకు సగటున ఒక యూనిట్ తింటోంది, నెలకు 30. కాఫీలు, పాలు, సాయంత్రం టీ, రసం, తాగడానికి కాచే నీళ్ళు. దానివల్ల నెలకు 3.6 కిలోల గ్యాసు మిగులుతోంది. నలభై రోజులు వచ్చే బండ ఇప్పుడు అరవై రోజులు వస్తోంది, ఇది మాత్రం అమ్మకు నచ్చిన సంగతి. డబ్బులో చూస్తే, జనవరిలో 180 రూపాయల కరెంటుతో 215 రూపాయల గ్యాసు మిగిలింది. నెలకు 35 లాభం. ఇప్పుడు 262 పెట్టి 228 మిగుల్చుకుంటున్నాం. నెలకు 34 నష్టం.

నాలుగు నెలల కొలతల ఫలితం: చలికాలంలో వచ్చిన ముప్పై ఐదు రూపాయలు ఎండాకాలం పట్టుకుపోతోంది. పెట్టిన 6,300 ఎప్పటికి తిరిగి వస్తుందని నాన్న అడిగాడు. రాదని చెప్పాను.

"మరి తీసేద్దామా?" అన్నాను, ఊరికే.

"నా కాఫీ?" అన్నాడు.

మే 4

సాయంత్రం గాలివాన. రెండు గంటలు కరెంటు లేదు. మా పాత ఇన్వర్టరు ఫ్యాన్లకు, లైట్లకు సరిపోతుంది గాని ఈ పొయ్యిని మోయలేదు. టీ గ్యాసు మీద కాచుకున్నాం. అమ్మ గ్యాసు పొయ్యి తుడుస్తూ, "ఇది ఉండబట్టి" అంది. నాయనమ్మ కిరసనాయిలు స్టవ్ గురించి ఇదే మాట అనేది.

వంకాయ కాల్చి చేసే పచ్చడి, పుల్కాలు, వేపుళ్ళు, పాకం, పోపు అమ్మ గ్యాసుకు కేటాయించింది. ద్రవంగా ఉండి మరగాల్సినవన్నీ ఇటు. ఈ విభజన నేను చేసింది కాదు, ఎవరూ కూర్చుని తేల్చిందీ కాదు. ఒకరోజు చూస్తే అలా జరిగిపోయి ఉంది.

మే 25

అమ్మ పది రోజులకని ఒంగోలు అక్కయ్య ఇంటికి వెళ్ళింది. వెళ్ళేముందు గ్యాసు రెగ్యులేటరు కట్టేసి, "ఇది ముట్టుకోవద్దు" అని ఇద్దరికీ చెప్పింది. కూరలు కర్రీ పాయింటు నుంచి తెచ్చుకుంటున్నాం. అన్నం ఎలక్ట్రిక్ కుక్కర్లో. చారు మాత్రం నాన్న పెడతానన్నాడు.

పన్నెండింటికి మేడ దిగుతుంటే వంటింట్లో స్పీకరులో అమ్మ గొంతు. నాన్న ఫోను గట్టుమీద పెట్టి గరిటె పట్టుకుని నిలబడ్డాడు.

"చింతపండు రసం పోశారా?"

"పోశా."

"ఎంతలో పెట్టారు?"

"పన్నెండొందల్లో."

"అమ్మో! అంత మంట మీదా? ఆరొందలకు దించండి. నురగ కట్టాక ఆపెయ్యాలి, మరగకూడదు."

నాన్న వంగి, గులాబీ చుక్క మీద వేలు పెట్టి ఒక్కో మెట్టూ దించుతూ వచ్చాడు.

"దించా" అన్నాడు.

"ఇంగువ ఎడంపక్క రెండో డబ్బా" అంది అమ్మ.